పాత కంప్యూటర్‌కు కొత్త విండోస్: మారాలా, మానాలా?

2025 అక్టోబర్ 14వ తేదీతో విండోస్ 10కు గడువు తీరిపోయింది. ఆ మరునాడు ఉదయం మండల కేంద్రాల్లోని నెట్ సెంటర్లు, జిరాక్స్ షాపులు ఎప్పటిలాగే తెరుచుకున్నాయి. కంప్యూటర్లు ఎప్పటిలాగే వెలిగాయి. అడంగల్ నకళ్ళు, హాల్ టికెట్లు, రైలు టికెట్లు ఎప్పటిలాగే ప్రింటయ్యాయి. ఏదీ ఆగిపోకపోవడంతో గడువు సంగతి చాలామంది అంతటితో మరచిపోయారు. ఏదీ ఆగలేదన్న మాట నిజమే. అయితే ఏదీ మారలేదనుకోవడం మాత్రం సరికాదు.

మైక్రోసాఫ్ట్ కంపెనీ 2015 జులై 29న విండోస్ 10ను విడుదల చేసింది. నాటి నుంచి పదేళ్ళకు పైగా నెలనెలా దానికి మరమ్మతులు ఉచితంగా పంపుతూ వచ్చింది. అక్టోబర్ 14తో ఆ పని ఆపివేసింది. 2021 అక్టోబర్ 5న వచ్చిన విండోస్ 11కు మారవలసిందిగా వాడకందార్లకు సూచించింది.

మారితే పాత యంత్రం బరువు మోయగలదా, ప్రింటరు కదులుతుందా, వేలిముద్రల పరికరం పనిచేస్తుందా అన్నది ఒక బెంగ. మారకపోతే దొంగలు చొరబడతారేమోనన్నది మరో బెంగ. కొత్త కంప్యూటర్ కొనాలంటే వేలల్లో ఖర్చు. రోజుకు కొద్దిపాటి రాబడితో బండి లాగే చిన్న షాపుల వారికి ఇది తేలిగ్గా తెగే విషయం కాదు. షాపుల వారికే కాదు, ఆ షాపుల్లో తమ కాగితాలు ఇచ్చి పని చేయించుకునే ఊరి జనానికీ ఇందులో లాభనష్టాలు ఉన్నాయి.

కాలువకు లస్కరు వంటిది

విండోస్ అంటే ఏమిటో తెలిస్తే మిగతా విషయం సులభంగా బోధపడుతుంది. కాలువ మీద లస్కరు ఏం చేస్తాడో రైతులందరికీ తెలుసు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ పొలానికి ఎంత నీరు వదలాలి, ఎవరి వంతు ఎప్పుడు అన్నది అతని చేతిలో ఉంటుంది. కంప్యూటర్‌లో ఆ పని చేసేదే ఆపరేటింగ్ సిస్టమ్. ప్రింటరుకు పని చెప్పాలన్నా, పెన్ డ్రైవ్‌లోని ఫోటో తెరమీదకు రావాలన్నా, వేలిముద్ర పరికరం నుంచి గుర్తు తీసుకోవాలన్నా దాని ద్వారానే జరగాలి. విండోస్ అటువంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఒకటి. మన షాపుల్లో ఎక్కువగా కనిపించేది అదే.

ఎంత జాగ్రత్తగా కట్టిన కాలువ గట్టుకైనా ఎక్కడో ఒకచోట ఎండ్రకాయ బొరియ పడుతుంది. చూసి పూడ్చకపోతే అదే పెద్ద గండి అవుతుంది. విండోస్‌లోనూ ఇటువంటి బొరియలు ఎప్పటికప్పుడు బయటపడుతుంటాయి. ప్రతి నెలా రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ విడుదల చేసే అప్‌డేట్లు ఈ బొరియలు పూడ్చడానికే. గడువు తీరడమంటే కాలువ పారడం ఆగిపోయిందని కాదు. గట్టు మీద తిరిగి బొరియలు పూడ్చే మనిషి మానుకున్నాడని అర్థం. నీరు ఇవాళా పారుతుంది, రేపూ పారుతుంది. గండి పడిన రోజున మాత్రం దిక్కుండదు.

పాత అనుభవాలు ఏం చెబుతున్నాయి?

విండోస్ మారవలసి రావడం ఇది మొదటిసారి కాదు. 2001 అక్టోబర్ 25న వచ్చిన విండోస్ ఎక్స్‌పీని మన షాపుల వారు ఇప్పటికీ తలుచుకుంటారు. తెలుగు లిపికి తగిన ఏర్పాటు, గౌతమి అనే తెలుగు ఫాంటు విండోస్‌తోపాటే వచ్చింది ఎక్స్‌పీతోనే. ఆ తర్వాత 2007 జనవరి 30న విండోస్ విస్టా మార్కెట్‌లోకి వచ్చింది. ఉత్సాహపడి మారినవారిలో చాలామంది చిక్కుల్లో పడ్డారు. యంత్రాలు మందగించాయి. పాత ప్రింటర్లు, స్కానర్లు మొరాయించాయి. అది చూసి మిగతావారు ఎక్స్‌పీ మీదనే ఉండిపోయారు. 2009 అక్టోబర్ 22న విండోస్ 7 వచ్చి కుదురుకున్న తర్వాత గాని వారు కదలలేదు. తొందరపడకుండా ఆగినవారు ఆనాడు బాగుపడ్డారు.

2018 అక్టోబర్‌లో మరో సంఘటన జరిగింది. ఆ నెల 2న విండోస్ 10కు వచ్చిన ఒక పెద్ద అప్‌డేట్ కొందరి కంప్యూటర్లలో దాచుకున్న ఫైళ్ళను చెరిపివేసింది. ఫిర్యాదులు రావడంతో మైక్రోసాఫ్ట్ కొద్ది రోజుల్లోనే దానిని వెనక్కు తీసుకుని, సరిచేసి, నవంబర్ 13న మళ్ళీ విడుదల చేసింది. వచ్చిన రోజునే ఎక్కించుకోరాదని, ఎక్కించే ముందు ఫైళ్ళకు మరో నకలు ఉంచుకోవాలని దీనివల్ల తెలిసింది.

అయితే ఆగడానికీ ఒక హద్దు ఉంటుంది. 2017 మే 12న వాన్నాక్రై అనే చెడ్డ ప్రోగ్రాం ప్రపంచాన్ని గడగడలాడించింది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోకి చొరబడి ఫైళ్ళకు తాళాలు వేసింది. తాళం తీయాలంటే 300 డాలర్లు కట్టాలని తెరమీద బెదిరింపు రాసింది. బ్రిటన్‌లో ఆస్పత్రుల పనులు స్తంభించాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు సైతం దాని బారిన పడ్డాయి.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటున్నది. ఆ బొరియను పూడ్చే మరమ్మతును మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, అంటే మార్చి 14ననే విడుదల చేసింది. ఎక్కించుకున్నవారికి ఏమీ కాలేదు. నష్టపోయిన యంత్రాల్లో అత్యధికం విండోస్ 7వి. దానికి అప్పటికింకా గడువు కూడా తీరలేదు. మరమ్మతు ఉండీ వేసుకోనివారే ఎక్కువగా దెబ్బతిన్నారు. విండోస్ 10కు ఇప్పుడు ఉచిత మరమ్మతులు వాటంతటవే రావు.

యంత్రం తట్టుకుంటుందా?

విండోస్ 10కు అసలు లైసెన్సు ఉన్నట్లయితే విండోస్ 11కు మారడానికి కంపెనీ డబ్బు తీసుకోదు. చిక్కల్లా యంత్రంతోనే. విండోస్ 11 కనీసం 4 జీబీ మెమరీ, 64 జీబీ నిల్వ స్థలం కోరుతుంది. ఈ మేరకు మన షాపుల్లోని చాలా యంత్రాలు నెగ్గుతాయి. 4 జీబీ అన్నది కాగితం మీద లెక్క. నిత్యం పది పనులు జరిగే షాపులో 8 జీబీ ఉంటేనే నడక సాఫీగా ఉంటుంది.

అసలు అడ్డు ప్రాసెసర్ దగ్గర వస్తున్నది. ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లయితే, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతివి కావాలి. ఎనిమిదో తరం మొదలయింది 2017లో. తరం తెలుసుకోవడం కష్టం కాదు. ఐ3-7100 అని ఉంటే గీత తర్వాతి మొదటి అంకె 7 కనుక అది ఏడో తరం, పనికిరాదు. ఐ3-8100 అని ఉంటే ఎనిమిదో తరం, పనికివస్తుంది. ఐ5-10400 వలె అయిదంకెలు ఉంటే మొదటి రెండంకెలు చూడాలి, అది పదో తరం. నగరాల్లోని ఆఫీసులు వదిలించుకోగా సెకండ్ హ్యాండ్‌లో మండల కేంద్రాలకు చేరిన యంత్రాల్లో నాలుగో తరం, ఆరో తరం వాటికి కొదువ లేదు. కోర్ 2 డ్యుయో యంత్రాల సంగతి చెప్పనే అక్కరలేదు.

రెండో అడ్డు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు. తాళాలను, రహస్య సంకేతాలను దాచే చిన్న ఇనప్పెట్టె వంటిది ఇది. ప్రాసెసర్ కొత్తదై ఉండి కూడా మీ కంప్యూటర్ పనికిరాదన్న సమాధానం వస్తే వెంటనే నిరాశపడరాదు. చాలా యంత్రాల్లో ఇది ఉంటుంది, కాని మూసి ఉంటుంది. మెకానిక్ బయోస్‌లోకి వెళ్ళి దానిని తెరిస్తే సరిపోతుంది. మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత ప్రోగ్రాంను నడిపితే ఏ అంశంలో యంత్రం నెగ్గింది, ఏ అంశంలో తప్పింది అన్నది వివరంగా చూపుతుంది. కొత్త యంత్రం బేరానికి వెళ్ళే ముందు ఈ పరీక్ష తప్పనిసరి.

అర్హత లేని యంత్రాల్లో కూడా దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించి ఇస్తామనేవారు ఉన్నారు. ఎక్కించడం సాధ్యమే. అయితే అటువంటి యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టం చేసింది. బొరియలు పూడ్చే మనిషి కోసమే మారుతున్నప్పుడు, ఆ మనిషి వస్తాడో రాడో తెలియని మార్పు వల్ల ఒరిగేది తక్కువ.

షాపును బట్టి చిక్కు

యంత్రం నెగ్గినంత మాత్రాన పని ముగిసినట్టు కాదు. షాపులో ఏ పని జరుగుతున్నదీ చూడాలి.

నెట్ సెంటర్‌లో వేలిముద్రల పరికరం ప్రాణం వంటిది. దానికి డ్రైవర్, దానితోపాటు ఆర్.డి. సర్వీస్ అనే ప్రోగ్రాం ఉండాలి. డిజిటల్ సంతకం కోసం వాడే యు.ఎస్.బి. టోకెన్‌కూ విడిగా ఒక ప్రోగ్రాం కావాలి. విండోస్ 11కు తగినవి ఆ పరికరాల తయారీదార్లు ఇచ్చారో లేదో ముందే విచారించాలి. మారిన తర్వాత తెలిస్తే, పరికరం బల్ల మీద ఉంటుంది గాని పని జరగదు.

డి.టి.పి. షాపుల బాధ వేరు. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, జాతర పోస్టర్లు ఇప్పటికీ అనేక చోట్ల పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో తయారవుతున్నాయి. పేజ్‌మేకర్ ఆఖరి రూపమైన 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత కొత్తది లేదు. అను ఫాంట్లలో కొట్టిన అక్షరాలు యూనికోడ్ తెలుగు కావు. ఫాంటు సరిగా కూర్చోకపోతే తెరమీద తెలుగుకు బదులు అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. ఇరవై ఏళ్ళ శుభలేఖల నమూనాలు, ఊళ్ళ వారీగా దాచిన పేర్లు అన్నీ ఆ ఫైళ్ళలోనే ఉన్నాయి. పైగా విండోస్ 11లో 32 బిట్ల రకం లేదు, ఉన్నదంతా 64 బిట్లే. మరీ పాతకాలపు 16 బిట్ల ప్రోగ్రాంలు అందులో నడవవు. కనుక డి.టి.పి. వారు వేరొక యంత్రంలో తమ ప్రోగ్రాం, ఫాంట్లు, కీబోర్డు, ప్రింటరు నాలుగూ పరీక్షించి చూసుకోకుండా చెయ్యి వేయరాదు.

ఎరువులు, కిరాణా షాపుల వారు బిల్లులకు, ఖాతాలకు వాడే ప్రోగ్రాంల విషయం కొంత నయం. కొత్త రూపం తెచ్చుకుంటే సాధారణంగా నడుస్తుంది. పాత ప్రింటర్లకు మాత్రం డ్రైవర్ ఉందో లేదో చూసుకోవాలి. ఫోటో స్టూడియోల వారికి పనిముట్ల కంటే నిల్వ ముఖ్యం. పెళ్ళి ఫోటోలు ఒక్క డిస్కులోనే ఉంచి విండోస్ మార్చడానికి దిగితే, డిస్కు పోయిన నాడు ఆ పెళ్ళి మళ్ళీ చేయించలేరు.

ఊరి తాళంచెవులు షాపులోనే

పెద్దగా చర్చకు రాని విషయం మరొకటున్నది. ఇంట్లో పిల్లవాడు ఆటలాడుకునే కంప్యూటర్ వేరు, నెట్ సెంటర్‌లోని కంప్యూటర్ వేరు. ఊళ్ళోని రైతు ఆధార్, పాన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ, పట్టాదారు పాస్‌పుస్తకం, పిల్లల మార్కుల జాబితాలు స్కానయి ఆ యంత్రంలోనే ఉంటాయి. పని అయిపోయిన తర్వాత వాటిని చెరిపేవారు తక్కువ. నెలల తరబడి, ఏళ్ళ తరబడి అవి డెస్క్‌టాప్ మీదనే పడి ఉంటాయి. అనేకమంది ఈమెయిళ్ళు, పాస్‌వర్డులు సైతం షాపులోని నోటు పుస్తకంలోనో, కంప్యూటర్‌లోని ఒక ఫైలులోనో రాసి ఉంటాయి.

అటువంటి యంత్రంలోకి దొంగ చొరబడితే నష్టం షాపు యజమానిది ఒక్కడిదే కాదు. పది ఊళ్ళ కాగితాలు ఒక్కసారిగా పరాయివాళ్ళ చేతిలో పడతాయి. తన పేరు మీద ఎక్కడో అప్పు పుట్టినా, తన పేరుతో సిమ్ కార్డు వెళ్ళినా, ఆ రైతుకు అది ఏ షాపు నుంచి జారిందో ఎన్నటికీ తెలియదు. మారాలా మానాలా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉన్నది. ఇంటర్నెట్‌కు కలిపి ఉండి, ఇతరుల కాగితాలు మోసే యంత్రాన్ని మరమ్మతులు లేకుండా నడపడం తగదు. ఎప్పుడు, ఎలా అన్నది మాత్రం యజమాని వీలును బట్టి నిర్ణయించుకోవలసిన విషయం.

ఉన్న దారులు

యంత్రానికి అర్హత ఉన్నవారికి విండోస్ 11కు మారడమే సూటి దారి. అయితే విండోస్ 11 కూడా ఒకసారి ఎక్కిస్తే శాశ్వతమనుకోరాదు. దానికి ఏటా ఒక కొత్త రూపం వస్తుంది. ఇళ్ళలో, చిన్న షాపుల్లో వాడే రకాలకు ఒక్కో రూపానికి రెండేళ్ళు మాత్రమే మరమ్మతులు అందుతాయి. ఆ తర్వాత తదుపరి రూపానికి వెళ్ళాలి.

అర్హత లేనివారికి రెండో దారి గడువు పొడిగింపు. విండోస్ 10 వాడే ఇళ్ళ కోసం 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా మరమ్మతులు ఇస్తామని మైక్రోసాఫ్ట్ 2025లో ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులను భద్రపరచుకునేవారికి ఉచితమని, కాకుంటే 30 డాలర్లని నిర్ణయించింది. వ్యాపార సంస్థలకు వేరుగా మూడేళ్ళ వరకు అవకాశం కల్పించింది. వాటికి మొదటి ఏడాది యంత్రానికి 61 డాలర్లు, ఆ తర్వాత ఏటా రెట్టింపు. ఇది ఊపిరి తీసుకోవడానికి దొరికిన వ్యవధే గాని పరిష్కారం కాదు. ఈ వ్యవధిలో నెలకు కొంత చొప్పున పక్కన పెట్టి యంత్రం కొనుక్కునేవారికి ఇది మేలు.

మూడో దారి లైనక్స్. ఇది ఉచితం. ఉబుంటు, లైనక్స్ మింట్ వంటివి ఏడో తరానికి ముందరి యంత్రాల మీద కూడా చక్కగా నడుస్తాయి, మరమ్మతులు ఎప్పటికప్పుడు అందుతాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ భారతీయ భాషలకు అనువుగా బాస్ అనే లైనక్స్‌ను రూపొందించింది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఈ కృషి చేసింది. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు ఏళ్ళ తరబడి లైనక్స్ మీదనే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. ఉత్తరాలు, దరఖాస్తులు, ఇంటర్నెట్, చదువు వంటి పనులకు ఇది చాలు. అయితే వేలిముద్రల పరికరాలు, పేజ్‌మేకర్ వంటివి ఆధారంగా బతికే షాపుకు ఇది పూర్తిగా సరిపోదు. రెండు మూడు యంత్రాలు ఉన్న నెట్ సెంటర్‌లో, వచ్చినవారు బ్రౌజింగ్ చేసుకునే యంత్రానికి లైనక్స్ పెట్టి, పరికరాలు తగిలించే యంత్రానికి విండోస్ 11 పెట్టుకుంటే ఖర్చు సగానికి దిగుతుంది.

నాలుగో దారి డి.టి.పి. వారికి, స్టూడియోల వారికి. పాత యంత్రాన్ని పాత విండోస్‌తో అలాగే ఉంచి, ఇంటర్నెట్ తీగను శాశ్వతంగా పీకివేయడం. ఆ యంత్రంలో పేజ్‌మేకర్ పని మాత్రమే చేసుకోవాలి. కస్టమర్ల పెన్ డ్రైవ్‌లు నేరుగా దానికి గుచ్చరాదు. ముందు వేరే యంత్రంలో వైరస్ పరీక్ష చేసి, ఆ తర్వాతే మార్చుకోవాలి. కాలువతో సంబంధం తెంచుకున్న చెరువుకు కాలువ గండి భయం ఉండదు.

ఏ దారీ కుదరనివారు కొత్త యంత్రం కొనవలసి వస్తే, పాతదాని కొలతలోనే మోసపోరాదు. సెకండ్ హ్యాండ్ బేరమైనా ఎనిమిదో తరానికి తక్కువ కాకుండా చూడాలి. విండోస్ 11 కనిపిస్తున్నంత మాత్రాన సరిపోదు, ప్రాసెసర్ నెంబరు కూడా స్వయంగా చదివి చూసుకోవాలి.

నాట్ల వేళ ఇంజను విప్పరాదు

నాట్లు ముమ్మరంగా సాగుతున్న వేళ ఎవరూ ట్రాక్టర్ ఇంజను విప్పరు. విండోస్ మార్పుకూ అదే నీతి. ఇంటర్, డిగ్రీ ప్రవేశాల రోజుల్లో, పంటల బీమా ఆఖరి తేదీల ముందు నెట్ సెంటర్ యంత్రం మీద ప్రయోగాలు కూడదు. శుభలేఖల షాపుల వారు ముహూర్తాల నెలలు విడిచి, మూఢం రోజులు చూసుకోవాలి. చుట్టుపక్కల ఎక్కడైనా అదే ప్రింటరు, అదే పరికరం వాడే షాపువారు మారి ఉంటే వారి అనుభవం ముందుగా అడిగి తెలుసుకోవడం అన్నిటికంటె చవకైన పరీక్ష.

మార్చే ముందు కావలసిన ఫైళ్ళన్నీ బయటి హార్డ్ డిస్కులోకి నకలు తీయాలి. నకలు తీసినంతలో సరిపోదు, వేరే కంప్యూటర్‌కు తగిలించి నాలుగు ఫైళ్ళు తెరిచి చూడాలి. అను ఫాంట్లు, టాలీ డేటా, ప్రింటర్ల డ్రైవర్లు, లైసెన్సు నెంబర్లు జాబితా రాసుకోవాలి. రెండు యంత్రాలున్నవారు ముందు ఒకదానినే మార్చి కొన్ని రోజులు నడిపి చూడాలి. నచ్చకపోతే పది రోజుల లోపల విండోస్ 10కు వెనక్కు వెళ్ళే వీలు ఉన్నది. పది రోజులు దాటితే ఆ వీలు పోతుంది కనుక, మారిన మొదటి రోజుల్లోనే షాపులో జరిగే ప్రతి పనినీ ఒకసారి చేసి చూడాలి.

మరో జాగ్రత్త కూడా ఉన్నది. విండోస్ 11 కొన్ని యంత్రాల్లో డిస్కులోని సమాచారానికి తనంతట తానే తాళం వేస్తుంది. దానికి 48 అంకెల తాళంచెవి ఉంటుంది. అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రపడుతుంది. మెకానిక్ తన ఈమెయిల్‌తో ఖాతా తెరిచి విండోస్ ఎక్కించి వెళ్ళిపోతే, ఆ తాళంచెవి అతని ఖాతాకే చేరుతుంది. రేపు బయోస్‌లో ఏదో మార్చినప్పుడు కంప్యూటర్ ఆ అంకెలు అడిగితే, యజమాని తన ఫైళ్ళు తాను చూసుకోలేని స్థితి వస్తుంది. కనుక ఖాతా యజమాని పేరు మీదనే ఉండాలి. ఆ అంకెలు కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవాలి.

దొంగ నకళ్ళు, దొంగ ఫోన్లు

మండల కేంద్రాల్లో లైసెన్సు లేని విండోస్ నకళ్ళు నడుస్తున్న సంగతి బహిరంగ రహస్యమే. యాక్టివేటర్లు, క్రాకుల పేరుతో ఇంటర్నెట్‌లో దొరికే ప్రోగ్రాంలతో ఈ నకళ్ళను నిలబెడతారు. వీటిని నడపాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపమంటారు. కాపలా కుక్కను కట్టేసి తలుపు తీసినట్టే. విండోస్ 10ను భయపడి వదిలి, దొంగ నకలు విండోస్ 11 ఎక్కించుకుంటే పెనం మీంచి పొయ్యిలో పడినట్టవుతుంది. డబ్బు పెట్టలేనివారికి లైనక్స్ ఉన్నది. దొంగ నకలు కంటె అది వేయి రెట్లు మేలు.

గడువు తీరిందన్న వార్తను సొమ్ము చేసుకునే మోసగాళ్ళూ ఉంటారు. మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నామని, మీ కంప్యూటర్ చెడిపోతోందని, తాము చెప్పిన ప్రోగ్రాం ఎక్కిస్తే బాగుచేస్తామని ఫోన్ వస్తే అది నిస్సందేహంగా మోసమే. అడగకుండా తాము ఎవరికీ ఫోన్ చేయబోమని ఆ కంపెనీ పదేపదే చెబుతోంది. తెరమీద పెద్ద అక్షరాలతో హెచ్చరిక, దాని కింద ఫోన్ నెంబరు కనిపించినా అంతే. డబ్బు పోతే జాగు చేయకుండా 1930 నెంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి. ఎంత త్వరగా చేస్తే సొమ్ము ఆగే అవకాశం అంత ఎక్కువ.

గ్రామస్థులు అడగవలసినవి

ఈ బాధ్యతంతా షాపుల వారి మీదనే పెట్టి ఊరుకోవడం న్యాయం కాదు. కాగితాలు ఇచ్చేవారు కూడా కొంత మెలకువతో ఉండాలి. పని పూర్తయిన తర్వాత స్కాన్ చేసిన కాగితాలను తమ ఎదుటే చెరిపించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించాలి. ఇందుకు షాపు యజమాని నొచ్చుకోవలసింది లేదు. కిరాణా కొట్లో తూకం చూసుకున్నట్టే ఇదీ. పాస్‌వర్డు షాపు పుస్తకంలో రాయించకుండా ఇంట్లోనే ఉంచుకోవాలి. ఓటీపీ చెప్పవలసి వచ్చినప్పుడు అది ఏ పనికో అడిగి తెలుసుకున్న తర్వాతే చెప్పాలి. ఆధార్ నకలు ఇవ్వవలసిన చోట పూర్తి నెంబరు అవసరం లేకపోతే, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చు.

షాపులో ఏ విండోస్ నడుస్తున్నదో అడగడం కూడా తప్పేమీ కాదు. నలుగురు అడిగితే యజమానికీ పట్టింపు కలుగుతుంది. తాము మారినట్టు, అప్‌డేట్లు వేస్తున్నట్టు, కస్టమర్ల కాగితాలు ఏ రోజువి ఆ రోజే చెరిపివేస్తున్నట్టు ఒక అట్టముక్క మీద రాసి గోడకు తగిలించిన షాపుకు జనం వెతుక్కుంటూ వస్తారు. ఖర్చు పెట్టినవారికి ఆ రూపంలోనైనా కొంత తిరిగి రావడం సమంజసమే.

కొత్తది వచ్చిన రోజునే పరుగెత్తనక్కరలేదు. పాతదానిని పట్టుకుని ఎన్నేళ్ళయినా వేలాడడమూ కూడదు. విండోస్ 10 ఉన్న షాపుల వారు ముందుగా ఒక సాయంత్రం కూర్చుని యంత్రం తరం చూసుకుని, పరికరాల జాబితా రాసుకుని, ఫైళ్ళకు నకలు తీసిపెట్టుకుంటే, ఏ దారి పట్టాలన్నది చాలావరకు వారికే తేలిపోతుంది. ఈ మూడు పనులకూ పైసా ఖర్చు లేదు, నకలుకు కావలసిన డిస్కు తప్ప.